ఆఫీసు రౌటర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

2017 జులై చివర్లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడుతున్న చాలామందికి ఉన్నట్టుండి ఇంటర్నెట్ ఆగిపోయింది. కర్ణాటకలో ఈ బెడద ఎక్కువగా కనిపించింది. కేబుల్ తెగడం వల్ల వచ్చిన సమస్య కాదది. వేల సంఖ్యలో మోడెంలలోకి ఒక మాల్‌వేర్ చొరబడి వాటిని పనికిరాకుండా చేసింది. అందుకు అది తాళం పగలగొట్టాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ మోడెంల యూజర్‌నేమ్ ‘అడ్మిన్’, పాస్‌వర్డ్ కూడా ‘అడ్మిన్’. ఫ్యాక్టరీలో పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చుకోమని బీఎస్‌ఎన్‌ఎల్ తన వినియోగదారులను కోరింది.

ఆ దాడి తన పనేనని ‘బ్రికర్‌బాట్’ అనే మాల్‌వేర్ తయారుచేసిన వ్యక్తి చెప్పుకున్నాడు. బ్రిక్ అంటే ఇటుక. దాని బారిన పడిన పరికరం ఇటుకతో సమానమైపోతుంది. బలహీనమైన పరికరాలు నేరగాళ్ల చేతికి చిక్కకముందే తాను వాటిని చంపేస్తున్నానని అతని వాదన. వాదన వంకరదే కానీ, అతను చెప్పిన బలహీనత మాత్రం నిజం. అంతకు ఏడాది ముందు, 2016లో, ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించి లక్షల కెమెరాలు, రౌటర్లను వశం చేసుకుంది. అలా పట్టుబడిన పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబర్ 21న అమెరికాలోని డిన్ అనే సంస్థపై దాడి జరిగింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు కొన్ని గంటల పాటు చాలామందికి అందలేదు.

ఇప్పుడు చాలా ఊళ్లలో రాగి తీగ పోయి ఫైబర్ వచ్చింది. రౌటర్ అమర్చే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. టెక్నీషియన్ వస్తాడు, పెట్టె తగిలిస్తాడు, ఫోన్‌లో ఏదో నొక్కుతాడు, యూట్యూబ్ వీడియో ఆడుతోందని చూపించి వెళ్లిపోతాడు. పది నిమిషాల పని. ఇంటికైతే ఎలాగో నడిచిపోతుంది. చిన్న ఆఫీసు సంగతి వేరు.

ఎనిమిది మంది పనిచేసే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఒకటి అనుకుందాం. ట్యాలీ డేటా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, మిగతావాళ్లు నెట్‌వర్క్ మీదుగా దాన్నే తెరుస్తారు. ప్రింటర్ ఒకటే. సీసీటీవీ డీవీఆర్ ఒకటి, వేలిముద్ర హాజరు యంత్రం ఒకటి. బయట కుర్చీలో కూర్చున్న క్లయింటు వైఫై పాస్‌వర్డ్ అడుగుతాడు. నెల నెలా జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయాల్సిన 20వ తేదీన ఈ ఆఫీసులో నెట్ ఆగితే, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి చూడగలిగేది ఎవరు? దీనికి జవాబు దొరకాల్సింది 20వ తేదీన కాదు, రౌటర్ అమర్చిన రోజున.

రెండు పెట్టెలు, రెండు నెట్‌వర్క్‌లు

ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇంటర్నెట్ సంస్థ ఇచ్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఫైబర్‌లో వచ్చే కాంతి సంకేతాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చడం దాని అసలు పని. ఇప్పుడు వచ్చే వాటిలో చాలావరకు రౌటర్, వైఫై కూడా కలిసే ఉంటాయి. సిగ్నల్ చాలడం లేదనో, ఎక్కువ మంది వాడుతున్నారనో ఆఫీసు యజమాని సికింద్రాబాద్ సీటీసీలోనో, దిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో మంచి రౌటర్ కొనుక్కొస్తాడు. దాన్ని ఓఎన్‌టీకి తగిలిస్తే ఆఫీసులో రెండు రౌటర్లు, రెండు వైఫైలు, రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు తయారవుతాయి.

నెట్ చూసుకోవడానికి దీనివల్ల ఇబ్బంది ఉండదు. అందుకే గొడవ ఉందని ఎవరికీ తట్టదు. ప్రింటర్ పాత వైఫైలో, కంప్యూటర్ కొత్త వైఫైలో ఉండిపోతే ప్రింట్ ఇచ్చిన పేజీ రాదు. ట్యాలీ ఒక గదిలో తెరుచుకుంటుంది, పక్క గదిలో తెరుచుకోదు. యజమాని ఇంటి నుంచి డీవీఆర్ చూద్దామంటే కుదరదు. ప్రింటర్ పాడైందనుకుని కొత్తది కొన్న ఆఫీసులు కూడా ఉండే ఉంటాయి.

దీనికి దారులు రెండు. ఒకటి, ఓఎన్‌టీని ‘బ్రిడ్జ్ మోడ్’లో పెట్టమని ఇంటర్నెట్ సంస్థను అడగడం. అప్పుడది రౌటర్ పని మానేసి, వచ్చిన సంకేతాన్ని అలాగే ముందుకు పంపుతుంది. నెట్‌వర్క్ మొత్తం కొత్త రౌటర్ చేతిలోకి వస్తుంది. రెండోది, కొత్త రౌటర్‌నే ‘యాక్సెస్ పాయింట్ మోడ్’లో పెట్టడం. అప్పుడది వైఫై విస్తరించే పని మాత్రమే చేస్తుంది, పెత్తనం ఓఎన్‌టీదే. ఓఎన్‌టీ సెట్టింగులను సంస్థ దూరం నుంచి మార్చగలదు. పూర్తి అధికారం ఉన్న పాస్‌వర్డ్‌ను చాలామంది ఆపరేటర్లు కస్టమర్‌కు ఇవ్వరు. కాబట్టి లెక్కలు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉండే ఆఫీసుకు మొదటి దారే మేలు.

మూడు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, మూడూ వేర్వేరు

రౌటర్ అమర్చేటప్పుడు వచ్చే తికమకలో సగం ఇక్కడిదే. ‘పాస్‌వర్డ్’ అనే ఒక్క మాటకు ఇక్కడ మూడు అర్థాలున్నాయి.

మొదటిది ఇంటర్నెట్ సంస్థ ఇచ్చేది. పీపీపీఓఈ అనే పద్ధతి వాడే ఆపరేటర్లు ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు. ఈ కనెక్షన్ ఫలానా కస్టమర్‌దని సంస్థకు చెప్పేది అదే. అది రౌటర్ లోపల ఒకసారి నమోదైతే ఆ తర్వాత ఎవరికీ కనిపించదు. పాత రౌటర్ కాలిపోయిన రోజే దాని అవసరం తెలుస్తుంది. సాధారణంగా ఆ రోజు టెక్నీషియన్ ఫోన్ ఎత్తడు.

రెండోది వైఫై పాస్‌వర్డ్. అందరికీ తెలిసింది, అందరూ పంచుకునేది.

మూడోది రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. ఇదే అసలు తాళంచెవి. వైఫై పాస్‌వర్డ్ తెలిసినవాడు నెట్ వాడుకోగలడు, అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాడు నెట్‌వర్క్ తీరునే మార్చగలడు. మిగతా రెండింటినీ మార్చగలడు, ఆఫీసు కంప్యూటర్లు బ్యాంకు సైట్ చిరునామాను ఏ సర్వర్‌ను అడిగి తెలుసుకోవాలో కూడా మార్చగలడు. 2011లో అమెరికా ఎఫ్‌బీఐ ఛేదించిన ‘డీఎన్‌ఎస్ ఛేంజర్’ ముఠా చేసింది సరిగ్గా ఈ పనే. బాధితుల కంప్యూటర్లు, కొన్నిచోట్ల వాళ్ల రౌటర్లు కూడా ముఠా నడిపే సర్వర్లను చిరునామాలు అడిగేలా తిప్పేశారు. ఆ కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లకు తేడా కనిపించలేదు.

ఈ మూడింటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకుంటే గుర్తుంటుందని కొందరు అనుకుంటారు. అలా చేస్తే వైఫై అడిగిన ప్రతి క్లయింటుకూ ఆఫీసు తాళంచెవి నకలు ఇచ్చినట్టే. కొన్ని రౌటర్ల సెటప్‌లో ‘అడ్మిన్ పాస్‌వర్డ్‌గా వైఫై పాస్‌వర్డే వాడు’ అని ఒక టిక్ కూడా ఉంటుంది. సౌకర్యం పేరుతో పెట్టిన ఆ టిక్ తీసేయాలి.

సీడీ నుంచి యాప్ దాకా

పదిహేనేళ్ల కిందట రౌటర్ పెట్టెలో ఒక సీడీ వచ్చేది. కేబుల్ తగిలించే ముందు సీడీ పెట్టాలని రౌటర్ మీద స్టిక్కర్ అంటించి మరీ చెప్పేవారు. నిజానికి చాలా రౌటర్లకు ఆ సీడీ అవసరమే లేదు. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొడితే సెట్టింగుల పేజీ వచ్చేది. ఆ పేజీలోని మాటలకు భయపడే వారికి చేయి పట్టుకుని నడిపించడానికే ఆ సాఫ్ట్‌వేర్. ఇప్పుడు సీడీ పోయింది, ఫోన్ యాప్ వచ్చింది. టీపీ-లింక్‌కు టెథర్, నెట్‌గేర్‌కు నైట్‌హాక్, అసుస్‌కు అసుస్ రౌటర్, ఇలా ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్.

సీడీకి, యాప్‌కు మధ్య ఒక తేడా ఉంది. సీడీ ఆఫీసులోని కంప్యూటర్ నుంచి ఆఫీసులోని రౌటర్‌తో మాట్లాడేది, అంతటితో కథ ముగిసేది. యాప్ తరచూ కంపెనీ సర్వర్‌లో ఒక ఖాతా తెరవమంటుంది. ఆ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉంటే, రౌటర్ వారి మాట వింటుంది.

ఈ మార్పు ఎంత దూరం వెళ్లగలదో 2012లోనే తెలిసింది. అప్పట్లో లింక్‌సిస్ బ్రాండ్ సిస్కో చేతిలో ఉండేది. ఆ వేసవిలో కొన్ని లింక్‌సిస్ మోడళ్లకు సిస్కో ఆటోమేటిక్‌గా ఒక అప్‌డేట్ పంపింది. మర్నాడు తమ రౌటర్ పేజీ తెరవబోయిన వాళ్లకు మామూలు లాగిన్ బదులు ‘సిస్కో కనెక్ట్ క్లౌడ్’లో ఖాతా తెరవమనే తెర ఎదురైంది. ఇంటర్నెట్ చరిత్ర వంటి సమాచారం సేకరించే అవకాశం దాని నిబంధనల్లో ఉందని తెలిసి వినియోగదారులు మండిపడ్డారు. సిస్కో నిబంధనలు మార్చింది, పాత పద్ధతికి తిరిగి వెళ్లే వీలు కల్పించింది. మరుసటి ఏడాది లింక్‌సిస్‌ను బెల్కిన్‌కు అమ్మేసింది.

క్లౌడ్ ఖాతా చెడ్డదని కాదు. బ్రాంచి ఆఫీసు ఉన్నవారికి, దూరం నుంచి రౌటర్ రీస్టార్ట్ చేయాల్సిన వారికి అది పనికొస్తుంది. చిక్కు ఎక్కడంటే, చిన్న ఆఫీసుల్లో ఈ యాప్ సాధారణంగా యజమాని ఫోన్‌లో ఉండదు. ‘కంప్యూటర్లు తెలిసిన అబ్బాయి’ ఫోన్‌లో ఉంటుంది, లేదంటే టెక్నీషియన్ ఫోన్‌లోనే ఉంటుంది. ఖాతా వాళ్ల సొంత ఈమెయిల్‌తో తెరిచి ఉంటుంది. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. ఏడాది తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్లినా, అతని జేబులోని ఫోన్ ఇంకా ఆఫీసు రౌటర్‌కు యజమానే. కాబట్టి యాప్ ఇన్‌స్టాల్ చేయకముందే ఆఫీసు పేరుతో ఒక ఈమెయిల్ ఉండాలి. దాని రికవరీ నంబరు యజమానిది కావాలి. ఖాతా ఆ ఈమెయిల్‌తోనే తెరవాలి. కొన్ని మోడళ్లలో ఖాతా అడిగే తెరను దాటవేసి బ్రౌజర్‌లోనే పని ముగించవచ్చు. ఒకే గదిలో నడిచే ఆఫీసుకు అది చాలు.

చిరునామా కొట్టేచోట జారిపడకుండా

రౌటర్ పేజీ చిరునామా చాలా మోడళ్లకు 192.168.0.1 లేదా 192.168.1.1. ఈ అంకెలు లోపలి నెట్‌వర్క్‌ల కోసం ప్రత్యేకించినవి. బయటి ఇంటర్నెట్‌లో వీటికి అర్థం లేదు. ఏ చిరునామానో తెలియకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ చూడాలి. విండోస్ కంప్యూటర్‌లోనైతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొడితే ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా కనిపించేది అదే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, చిరునామాను గూగుల్‌లో వెతకడం. ఒకటి అంకె బదులు చిన్న ‘ఎల్’ అక్షరం పడితే బ్రౌజర్ దాన్ని చిరునామా అనుకోదు, వెతుకులాటకు పంపేస్తుంది. అప్పుడు వచ్చే పేజీలు రౌటర్‌వి కావు. ‘కస్టమర్ కేర్’ అంటూ కనిపించే నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. వాళ్లు స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించుకుంటే రౌటర్‌తో ఆగరు, యూపీఐ దాకా వెళ్తారు. అలా డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన జాతీయ హెల్ప్‌లైన్ 1930.

అంకెలు గుర్తుండవని కంపెనీలే తేలికైన పేర్లు పెట్టాయి. ఆ పేర్లూ శాశ్వతం కాదు. టీపీ-లింక్ తన పాత రౌటర్ల మీద ముద్రించిన ‘టీపీలింక్‌లాగిన్ డాట్ నెట్’ అనే పేరును తిరిగి నమోదు చేయించుకోలేదని, అది వేరేవాళ్ల చేతికి పోయిందని 2016లో బయటపడింది. ఆ కంపెనీ ఇప్పుడు వేరే పేరు వాడుతోంది. అంకెల చిరునామా విసుగనిపించినా అదే నమ్మకమైనది.

విజార్డ్ అడిగేవి

మొదటిసారి సెటప్ చేసేటప్పుడు ల్యాన్ కేబుల్‌తో తగిలించిన ల్యాప్‌టాప్ ఉంటే సగం కష్టం తగ్గుతుంది. ఫోన్‌తో చేస్తే ఒక వింత ఎదురవుతుంది. కొత్త రౌటర్‌కు ఇంకా నెట్ లేదు కాబట్టి ఫోన్ ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అనుకుని తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. యాప్‌కు రౌటర్ కనిపించదు. రౌటర్ పాడైందని దుకాణానికి తిప్పి పంపేవారూ ఉంటారు. సెటప్ అయ్యేదాకా మొబైల్ డేటా ఆపేస్తే చాలు.

విజార్డ్ మొదట అడిగేది కనెక్షన్ రకం: పీపీపీఓఈ, డైనమిక్ ఐపీ, స్టాటిక్ ఐపీ. ఇది ఊహించే విషయం కాదు, ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోవాలి. వీలాన్ నంబరు ఏమైనా ఉందా అన్నదీ అప్పుడే అడగాలి. కొందరు ఆపరేటర్లు పాత రౌటర్ మ్యాక్ చిరునామాను తమ దగ్గర నమోదు చేసి ఉంచుతారు. అన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే కొత్త రౌటర్ మ్యాక్ చిరునామాను నమోదు చేయమని ఫోన్ చేయాలి.

తర్వాత వైఫై పేరు. సంస్థ పేరు, అంతస్తు నంబరు పెట్టడం అంటే వీధిలోని వాళ్లకు గురి చూపించడమే. రక్షణ పద్ధతిగా డబ్ల్యూపీఏ3 మంచిదే కానీ, పాత ప్రింటర్లు, హాజరు యంత్రాలు దాన్ని అందుకోలేవు. అలాంటి చోట డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన పద్ధతి ఎంచుకోవాలి. ఈ యంత్రాల్లో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ తెలియదు. రెండింటికీ ఒకే పేరు పెడితే కొన్ని తడబడతాయి, అప్పుడు విడివిడి పేర్లు ఇవ్వడమే నయం.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఆ రోజే చేయాలి. దుకాణంలో నెలల తరబడి ఉన్న పెట్టెలోని సాఫ్ట్‌వేర్ పాతదై ఉంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే రౌటర్ నిజంగానే ఇటుక అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ మీదే చేయాలి. ఫైల్‌ను చేత్తో దించుకునేవారు మోడల్ నంబరుతో పాటు స్టిక్కర్ మీది హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూసుకోవాలి. ఒకే పేరుతో అమ్మే రౌటర్‌కు వీ1, వీ2, వీ3 ఉంటాయి. ఒకదాని ఫైల్ మరొకదానికి పనికిరాదు.

విజార్డ్ అడగనివి

‘అభినందనలు, సెటప్ పూర్తయింది’ అని తెర మీద వచ్చాక చాలామంది ఆగిపోతారు. ఆఫీసుకు కావలసిన సెట్టింగులు అక్కడి నుంచే మొదలవుతాయి.

బయటి నుంచి రౌటర్ పేజీ తెరిచే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ ఆగి ఉందో లేదో చూడాలి. బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి. దాని 8 అంకెల పిన్‌ను గంటల్లో ఊహించి పట్టుకోవచ్చని 2011 చివర్లోనే రుజువైంది. యూపీఎన్‌పీ అనేది లోపలి పరికరాలు తమకు తామే బయటికి తలుపు తెరుచుకునే ఏర్పాటు. డీవీఆర్‌లు దాన్ని బాగా వాడుకుంటాయి. ఆపితే డీవీఆర్ యాప్‌కు ఇబ్బంది రావచ్చు, అయినా ఆపడమే మంచిది.

క్లయింట్లకు ‘గెస్ట్ నెట్‌వర్క్’ పెట్టి, అక్కడి నుంచి లోపలి కంప్యూటర్లు కనిపించకుండా చూడాలి. వైఫైతో నడిచే కెమెరాలనూ అందులోనే ఉంచవచ్చు. ట్యాలీ కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు చిరునామా రోజుకొకటి మారకుండా డీహెచ్‌సీపీ రిజర్వేషన్ ఇవ్వాలి. సోమవారం పనిచేసిన ప్రింటర్ మంగళవారం మొరాయించడానికి తరచూ ఈ చిరునామా మార్పే కారణం.

చివరగా గడియారం. రౌటర్ గడియారం వేరే దేశపు సమయం చూపిస్తూ ఉండిపోవడం మామూలే. ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ అత్యవసర ప్రతిస్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సేవాసంస్థలు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ప్రామాణిక సమయంతో కలపాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో తెలియజేయాలని చెబుతున్నాయి. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలకు ఇచ్చిన అదనపు గడువు ఆ ఏడాది సెప్టెంబర్ 25తో ముగిసింది. చవక రౌటర్లలో లాగ్ మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. లాగ్‌ను వేరే కంప్యూటర్‌కు పంపే ‘సిస్‌లాగ్’ సౌకర్యం ఉందా అని కొనేటప్పుడు అడిగేవారు తక్కువ. వేగం ఎన్ని ఎంబీపీఎస్ అని మాత్రం అందరూ అడుగుతారు.

ఇవన్నీ పూర్తయ్యాక సెట్టింగుల బ్యాకప్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో దించుకుని, మూడు పాస్‌వర్డ్‌లు రాసిన కాగితంతో పాటు బీరువాలో పెట్టాలి. ఆ ఫైల్‌లో కూడా పాస్‌వర్డ్‌లు ఉంటాయి కాబట్టి వాట్సాప్‌లో పంపుకోకూడదు. ఉద్యోగి ఎవరైనా మానేస్తే ఆఫీసు తాళాలు అడిగి తీసుకున్నట్టే, ఆ రోజు అడ్మిన్, వైఫై పాస్‌వర్డ్‌లు మార్చాలి. యాప్ ఖాతాకు ఏయే ఫోన్లు కలిసి ఉన్నాయో చూడాలి.

పాతబడిన పెట్టె

రౌటర్ పనిచేస్తున్నంత కాలం దాన్ని మార్చాలని ఎవరికీ అనిపించదు. కంపెనీ మాత్రం కొన్నేళ్లకు ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆపేస్తుంది. అప్పటి నుంచి బయటపడే లోపాలకు మందు ఉండదు. ‘వోల్ట్ టైఫూన్’ అని పేరుపడిన, చైనా ప్రభుత్వ అండ ఉన్నదని అమెరికా ఆరోపించే బృందం తన ఆచూకీ దాచుకోవడానికి వాడుకున్నవి ఇలాంటివే. వందల రౌటర్ల నుంచి ఆ మాల్‌వేర్‌ను కోర్టు అనుమతితో తొలగించినట్టు అమెరికా న్యాయశాఖ 2024 జనవరి 31న ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం అప్‌డేట్లు ఆగిపోయిన సిస్కో, నెట్‌గేర్ మోడళ్లు. ఇళ్లు, చిన్న ఆఫీసుల కోసం తయారైన రకం అది.

తీసేసిన పాత రౌటర్‌ను పాతసామాన్లవాడికి వేసే ముందు వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కి, లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరేదాకా పట్టుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కొన్న ఆఫీసు రౌటర్లను 2023లో ఈసెట్ సంస్థ పరిశోధకులు పరీక్షిస్తే, సగానికి పైగా వాటిలో పాత యజమానుల సెట్టింగులు చెరగకుండా అలాగే ఉన్నాయి. రీసెట్ చేశాక మరోసారి కరెంటు ఇచ్చి చూడాలి. వైఫై జాబితాలో ఆఫీసు పేరు కాకుండా స్టిక్కర్ మీది ఫ్యాక్టరీ పేరు కనిపిస్తే, పెట్టె ఖాళీ అయినట్టు.